తీరానికి దగ్గరగా ఉండే పగడపు దిబ్బల ఆరోగ్యాన్ని సర్వే చేయడం: సమగ్ర మార్గదర్శి

నదీముఖాలకు, రేవులకు, జనావాసాలకు దగ్గరగా పెరిగే పగడపు దిబ్బలను తీరానికి దూరంగా తేటనీటిలో ఉండే దిబ్బలతో సమానంగా చూడలేము. తీరపు దిబ్బల మీద నీరు ఏడాదిలో చాలా రోజులు కలకగానే ఉంటుంది. వరద వచ్చినప్పుడు మంచినీరు, పొలాల నుంచి కొట్టుకొచ్చిన పోషకాలు, ఒండ్రు నేరుగా వాటి మీదికే చేరతాయి. గాలి బలంగా వీచిన రోజున అడుగున పేరుకున్న మడ్డి మళ్ళీ పైకి లేస్తుంది. ఇలాంటి చోట దిగిన కొత్త సర్వేయరు సాధారణంగా రెండు తప్పుడు నిర్ణయాలలో ఏదో ఒకదానికి వస్తాడు. నీటి రంగు చూసి దిబ్బ పాడైపోయిందని రాస్తాడు, లేదా పెద్ద పెద్ద పగడాలు కనిపించాయి కాబట్టి బాగుందని రాస్తాడు. కలకనీటిలోనూ పగడాలు దట్టంగా పెరిగే దిబ్బలు ఎన్నో ఉన్నాయి. సముద్రపు అడుగులో నలభై శాతం పగడమే ఉన్నా, అదంతా పోరైటిస్ అనే బండలాంటి ముసలి పగడాలే అయి, వాటి మధ్య ఒక్క పిల్ల పగడం కూడా లేని దిబ్బలూ ఉన్నాయి. మొలక లేని ముసలి తోటకు ఎంత భవిష్యత్తు ఉంటుందో వాటికీ అంతే.

కాబట్టి ఈ మార్గదర్శి మొత్తం ఒకే మాట మీద ఆధారపడి ఉంటుంది. పగడం ఎంత శాతం ఉందన్నది ఆ రోజు దిబ్బ ఉన్న స్థితిని మాత్రమే చెబుతుంది. దెబ్బ తగిలాక కోలుకోగలదా లేదా అన్నదే ఆరోగ్యం. దాన్ని తెలుసుకోవాలంటే పిల్ల పగడాలను, నాచును, నీటిని కూడా కొలవాలి, ఆ కొలతలను అదే చోట, అదే తీరులో మళ్ళీ తీసుకోగలగాలి.

మొదటి మెట్టు: ప్రశ్నను ఒక వాక్యంలో రాసుకోవడం

పడవ, టేపు, కెమెరా గురించి ఆలోచించే ముందు, ఈ సర్వే దేనికి జవాబు చెప్పాలో కాగితం మీద రాయాలి. ఇప్పటివరకు ఎవరూ కొలవని దిబ్బకు తొలి కొలతలు తీయడం ఒక పని. ఏళ్ళ తరబడి మార్పును గమనించడం ఇంకొక పని. వరద, తుపాను, వేడిగాలుల కాలం, రేవు తవ్వకం వంటి ఒక ఘటన తరువాత నష్టాన్ని అంచనా వేయడం మూడోది. తొలి కొలతలకు ఎక్కువ చోట్లు చూడాలి, ఒక్కొక్క చోట కొంచెం తక్కువ లోతుగా చూసినా సరిపోతుంది. మార్పును పట్టుకోవడానికి తక్కువ చోట్లు తీసుకుని, వాటిని చాలా జాగ్రత్తగా చూడాలి. ఘటన తరువాతి సర్వేలో, ఆ ఘటన తాకని పోలిక దిబ్బ ఒకటైనా లేకపోతే వచ్చిన సంఖ్యలకు అర్థం చెప్పడం కష్టం. మూడు పనులనూ ఒకే ప్రణాళికలో ఇరికించడం వల్ల ఏదీ సరిగా రాదు.

రెండో మెట్టు: అనుమతులు, కాలం, పోటు లెక్క

చాలా దేశాలలో పగడాలు చట్టపు రక్షణలో ఉన్నాయి, చాలా దిబ్బలు సముద్ర రక్షిత ప్రాంతాలలో ఉన్నాయి. అందువల్ల నీటిలో మేకు దిగగొట్టాలన్నా, సెన్సర్ కట్టాలన్నా లిఖితపూర్వక అనుమతి అవసరమవుతుంది. రాతి పగడాలు అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి, గుర్తింపు కోసమైనా సరే చచ్చిన ముక్కను సంచిలో వేసుకుని సరిహద్దు దాటడం నేరం కావచ్చు. ఫొటో చాలు.

ప్రతి ఏడాదీ ఒకే నెలలో కొలవడం మేలు. సర్గాసం వంటి నాచులు ఒక కాలంలో నడుము ఎత్తు పెరిగి, మరొక కాలంలో దాదాపు మాయమవుతాయి. ఒక ఏడాది వేసవిలో, మరుసటి ఏడాది చలికాలంలో కొలిస్తే ఆ తేడాను దిబ్బ ఆరోగ్యంగా పొరబడతారు. భారీ వర్షాల తరువాత కొద్ది రోజులు దిగకపోవడమే మంచిది. నీటిలో ఏమీ కనిపించదు, పైగా వరదతో వచ్చే మురుగులోని సూక్ష్మక్రిములు ఈతగాళ్ళకూ హాని చేస్తాయి.

పగడాలు పాలిపోవడాన్ని, అంటే బ్లీచింగ్‌ను కొలవాలనుకుంటే రెండు విడతలు అవసరం. మొదటిది వేడి అత్యధికంగా ఉన్న కాలం చివర, రెండోది కొన్ని నెలల తరువాత. పాలిపోయిన పగడం ఇంకా బతికే ఉంటుంది. అది కోలుకుందో చచ్చిపోయిందో రెండో విడతే చెబుతుంది. ఎప్పుడు బయలుదేరాలన్నదానికి అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా వారి కోరల్ రీఫ్ వాచ్ ఉపగ్రహ లెక్కలు ఉపయోగపడతాయి. ఒక చోట అత్యంత వెచ్చని నెల సగటు కంటే ఒక డిగ్రీ సెల్సియస్ లేదా అంతకు మించి ఉన్న అదనపు వేడిని, గత 12 వారాలకు కూడి, డిగ్రీ హీటింగ్ వీక్స్ అనే సంఖ్యగా వారు ఇస్తారు. అది 4 దాటితే చెప్పుకోదగ్గ బ్లీచింగ్‌ను, 8 దాటితే తీవ్రమైన బ్లీచింగ్‌ను, మరణాలను ఊహించాలి. అయితే ఉపగ్రహపు ఒక్కో గడి సుమారు 5 కిలోమీటర్లు ఉంటుంది. తీరాన్ని ఆనుకున్న లోతు తక్కువ నీరు ఆ గడి సగటు కంటే బాగా వేడెక్కగలదు కాబట్టి, ఆ సంఖ్యను బయలుదేరడానికి సంకేతంగానే వాడాలి, దిబ్బ మీది ఉష్ణోగ్రతగా రాయకూడదు.

పోటు లెక్క చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, దాన్ని వదిలేసిన సర్వేలు పోలికకు పనికిరావు. లోతును ఎప్పుడూ అత్యల్ప ఆటు మట్టం నుంచి లెక్కించాలి. దిగిన సమయానికి పోటు ఆ మట్టం కంటే 1.4 మీటర్లు ఎత్తున ఉంటే, 2 మీటర్ల లోతున టేపు పరవడానికి చేతి గేజీలో 3.4 మీటర్లు చూపే చోటికి వెళ్ళాలి. తీరపు దిబ్బల మీద ఒక మీటరు తేడా అంటే వెలుతురులో పెద్ద తేడా, పగడపు జాతులలోనూ పెద్ద తేడా.

మూడో మెట్టు: చోట్లు ఎంచుకోవడం

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ తీరపు దిబ్బలను 2005 నుంచి గమనిస్తున్న కార్యక్రమం, అత్యల్ప ఆటు మట్టానికి 2 మీటర్లు, 5 మీటర్లు దిగువన రెండు లోతులలో కొలుస్తుంది. ఆ ఎంపిక వెనుక ఉన్న తర్కం ఎక్కడైనా వర్తిస్తుంది. పై లోతులో వరదనీటి ప్రభావం, అలల దెబ్బ, వేడి ఎక్కువ. దిగువ లోతులో వెలుతురు లేమి, మడ్డి ఎక్కువ. ఒకే లోతు కొలిస్తే వీటిలో సగం కథే తెలుస్తుంది.

నదీముఖం నుంచి దూరాన్ని బట్టి దగ్గర, మధ్య, దూరం అని కనీసం మూడు చోట్లు తీసుకుంటే కారణాన్ని ఊహించడానికి ఆధారం దొరుకుతుంది. అందమైన చోటును వెతికి అక్కడే టేపు పరవడం మానవ సహజమే కానీ అది సర్వేను మొదట్లోనే వంకర చేస్తుంది. ఉపగ్రహ చిత్రం మీద దిబ్బ అంచు గీసుకుని, దాని మీద యాదృచ్ఛికంగా బిందువులు ఎంచుకుని, జీపీఎస్‌తో అక్కడికే వెళ్ళాలి. బిందువు ఇసుక మీద పడితే ముందే రాసుకున్న నియమం ప్రకారం పక్కకు జరగాలి. నీటిలో దిగాక నియమాలు కల్పించుకోకూడదు.

తేటనీటిలో పెద్ద విస్తీర్ణాన్ని ముందుగా చూడటానికి మాంటా టో పద్ధతి ఉంది. పడవ వెనుక పలకను పట్టుకుని ఈతగాడు రెండేసి నిమిషాల చొప్పున లాగబడుతూ తాను చూసినది రాస్తాడు. కలకనీటిలో దీనితో లాభం లేదు. నిర్ణీత సమయం పాటు నెమ్మదిగా ఈదుతూ రాసుకోవడమే మేలు.

నాలుగో మెట్టు: స్థిర ట్రాన్సెక్ట్‌లు, వాటి వల్ల లాభం

ట్రాన్సెక్ట్ అంటే అడుగున పరిచిన టేపు వెంబడి కొలిచే గీత. ప్రతి చోట, ప్రతి లోతులో 20 మీటర్ల పొడవున్న ఐదు ట్రాన్సెక్ట్‌లు సమంజసమైన ప్రారంభం. వాటి మొదలు, చివర, మధ్యలో చిన్న స్టీలు మేకులు దిగగొట్టి, దిక్సూచి దిశను, జీపీఎస్ స్థానాన్ని రాసుకుంటే మరుసటి ఏడాది అదే గీత మీదికి రావచ్చు. మేకును చచ్చిన రాతిలోనే కొట్టాలి, బతికున్న పగడంలో కాదు.

ఈ శ్రమ దేనికో ఒక ఊహా ఉదాహరణ చూపిస్తుంది. ఐదు ట్రాన్సెక్ట్‌లలో మొదటి ఏడాది రాతి పగడం 32, 18, 41, 27, 22 శాతం వచ్చిందనుకుందాం. సగటు 28. ట్రాన్సెక్ట్‌ల మధ్య తేడాలు పెద్దవి కాబట్టి 95 శాతం నమ్మక పరిధి, అంటే నిజమైన సగటు ఉండే అవకాశమున్న హద్దులు, సుమారు 17 నుంచి 39 వరకు ఉంటుంది. రెండో ఏడాది సగటు 23కు దిగింది. ట్రాన్సెక్ట్‌లు ప్రతిసారీ వేరు వేరు చోట్ల వేసి ఉంటే ఇది నిజమైన తగ్గుదల అని చెప్పే అవకాశమే లేదు. అదే గీతల మీద తిరిగి కొలిచి, వరుసగా 27, 14, 35, 23, 16 వచ్చి ఉంటే, ఒక్కొక్క గీత మీద పగడం శాతం 4 నుంచి 6 అంకెల వరకు తగ్గిందని తెలుస్తుంది. సగటు తగ్గుదల 5, దాని అనిశ్చితి కేవలం 1.2 అటూ ఇటూ. నీటిలో గడిపిన సమయం అంతే, కొలిచిన దూరం అంతే. మేకుల వల్ల జవాబు దొరికింది. నిజ జీవితంలో లెక్కలు ఇంత శుభ్రంగా రావు, కానీ లాభం ఈ దిశలోనే ఉంటుంది.

ఐదో మెట్టు: అడుగున ఏముందో కొలవడం

టేపును బిగుతుగా, అడుగుకు వీలైనంత దగ్గరగా పరచాలి. వదులుగా ఉన్న టేపు అలకు అటూ ఇటూ ఊగుతుంది, దానితో పాటు బిందువులూ ఊగుతాయి. ఆ తరువాత రెండు దారులున్నాయి.

మొదటిది కంటితో చూసి రాయడం. 1997 నుంచి ప్రపంచమంతటా స్వచ్ఛంద ఈతగాళ్ళతో సర్వేలు చేయిస్తున్న రీఫ్ చెక్ పద్ధతిలో 20 మీటర్ల ముక్కలు నాలుగు ఉంటాయి, ముక్కల మధ్య 5 మీటర్ల ఖాళీ వదులుతారు, ప్రతి అర మీటరుకు టేపు కింద సరిగ్గా ఏముందో రాస్తారు. ముక్కకు 40 చొప్పున మొత్తం 160 బిందువులు వస్తాయి. రాతి పగడం, మెత్తని పగడం, ఈమధ్య చచ్చిన పగడం, పోషకాల ఎక్కువను సూచించే నాచు, స్పంజిక, రాయి, పగడపు ముక్కలు, ఇసుక, మడ్డి, ఇతరం అని పది వర్గాలు. వేలెడు ముక్క రాయి కిందకు వస్తుందా, పగడపు ముక్కల కిందకు వస్తుందా అన్న సందేహం ప్రతి బృందంలోనూ వస్తుంది. ఆ పద్ధతిలో 15 సెంటీమీటర్లు దాటినదే రాయి.

రెండోది ఫొటో తీసి తరువాత లెక్కించడం. ప్రతి అర మీటరుకు ఒక ఫొటో, అడుగు నుంచి ఒకే ఎత్తులో, కెమెరా నిలువుగా కిందకు చూసేలా తీయాలి. ఫొటో శాశ్వత సాక్ష్యంగా ఉండిపోతుంది, పదేళ్ళ తరువాత వేరొకరు అదే ఫొటో మీద వేరే ప్రశ్న వేయవచ్చు; అందుకే వీలైతే నేను దీనివైపే మొగ్గుతాను. కలకనీటిలో ఎత్తు తగ్గించి అర మీటరు లోపే తీయాలి, ఫ్లాష్‌ను కెమెరాకు దూరంగా పక్కకు పెట్టాలి, లేకపోతే నీటిలో తేలే రేణువులన్నీ మెరిసి ఫొటో మంచు కురిసినట్టు వస్తుంది. చేయి చాచితే వేళ్ళు మసకబారే నీటిలో మాత్రం ఫొటో మీద ఆశ వదిలి కంటితోనే రాయాలి.

వర్గాల విషయంలో తీరపు దిబ్బలకు రెండు ప్రత్యేక నియమాలు కావాలి. మొదటిది, మడ్డి పట్టిన పొట్టి నాచును మామూలు పొట్టి నాచు నుంచి వేరుగా రాయాలి. పొట్టి నాచు పోగుల మధ్య మడ్డి చిక్కుకుంటే పగడపు డింభకాలు అక్కడ అతుక్కోలేవు, నాచు మేసే చేపలు కూడా దాన్ని ముట్టవు. కనుక ఒకే రాయి మీద ఉన్న ఈ రెండు రకాల పొరలకు అర్థాలు వేరు. రెండోది, నాచు పందిరి నియమం. సర్గాసం పందిరి కింద బతికున్న పగడం ఉంటే ఏది రాయాలి? పైపొరను ఒక గడిలో, ఆకులు నెమ్మదిగా తప్పించి కింద కనిపించినదాన్ని పక్క గడిలో రాస్తే రెండు సమాచారాలూ దక్కుతాయి. ఏ నియమమైనా సరే, మొదటి రోజే రాసిపెట్టి బృందమంతా దాన్నే పాటించాలి.

పేర్ల విషయంలో ఒక చిన్న ఉచ్చు ఉంది. టర్బినేరియా అనే ప్రజాతి పేరు ఒక రాతి పగడానికీ ఉంది, ఒక గోధుమ నాచుకూ ఉంది, రెండూ కలకనీటి దిబ్బల మీద పక్కపక్కనే పెరుగుతాయి. స్లేటు మీద పొట్టి పేరు రాసి బయటికి వస్తే, సాయంత్రం ఏది ఏదో ఎవరికీ తెలియదు.

ఆరో మెట్టు: పిల్ల పగడాలు

కొలతల్లో దేనికైనా సమయం తగ్గించాల్సి వస్తే, దీన్ని మాత్రం తగ్గించకండి. 5 సెంటీమీటర్ల కంటే చిన్న పగడాలను ట్రాన్సెక్ట్ వెంబడి ఒక సన్నని పట్టీలో వెతికి, ప్రజాతి వారీగా లెక్కించాలి. గ్రేట్ బ్యారియర్ రీఫ్ కార్యక్రమంలో ఈ పట్టీ వెడల్పు 34 సెంటీమీటర్లు. రాసుకునే స్లేటు పొడవే అంత కాబట్టి, స్లేటును టేపుకు అడ్డంగా పట్టుకుని ముందుకు జరిపితే వెడల్పు తానే కుదురుతుంది, వేరే కొలబద్ద మోయక్కరలేదు.

పిల్ల పగడాన్ని గుర్తించడానికి కన్ను అలవాటు పడాలి. తల దాదాపు అడుగును తాకేంత కిందికి దించి, రాళ్ళ పక్కలను, పగుళ్ళను, ముక్కల అడుగు అంచులను టార్చి వేసి చూడాలి. కొత్త పగడాలు పైకప్పు మీద కంటే పక్కల మీదే ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ మడ్డి నిలవదు. ముసలి పగడం చాలావరకు చచ్చి, బతికి మిగిలిన చిన్న తునకను పిల్లగా లెక్కించకూడదు. తునక చుట్టూ అదే పగడపు పాత అస్థిపంజరం కనిపిస్తుంది, అంచులు సక్రమంగా ఉండవు. నిజమైన పిల్ల పగడం గుండ్రంగా, అంచంతా బతికి, తనది కాని రాతి మీద కూర్చుని ఉంటుంది.

లెక్క కట్టేటప్పుడు పట్టీ మొత్తం వైశాల్యంతో కాక, పగడం అతుక్కోగల గట్టి అడుగు వైశాల్యంతో భాగించాలి. 20 మీటర్ల పొడవు, 34 సెంటీమీటర్ల వెడల్పు అంటే 6.8 చదరపు మీటర్లు. అందులో 40 పిల్లలు కనిపిస్తే చదరపు మీటరుకు 5.9. అయితే అడుగులో 30 శాతం ఇసుకే అయితే గట్టి అడుగు 4.76 చదరపు మీటర్లే, సాంద్రత 8.4 అవుతుంది. ఇసుక ఎక్కువ ఉన్న దిబ్బకు ఈ సవరణ లేకపోతే అన్యాయం జరుగుతుంది.

ఏడో మెట్టు: తెల్లమచ్చకు కారణం కనుక్కోవడం

పగడం మీద తెలుపు కనిపించగానే బ్లీచింగ్ అని రాసేవారు చాలామంది ఉన్నారు. తెలుపుకు కనీసం ఐదారు కారణాలుంటాయి, వాటిని వేరు చేయడమే ఈ సర్వేలో అన్నిటికన్నా నైపుణ్యం కోరే భాగం. అర నిమిషం ఆగి, వీలైతే భూతద్దంతో, మూడు విషయాలు చూడాలి. తెల్లని చోట ఇంకా కండ ఉందా? తెలుపుకూ ఆరోగ్యకరమైన భాగానికీ మధ్య సరిహద్దు ఎలా ఉంది? తెలుపు పగడం మీద ఏ భాగంలో ఉంది?

బ్లీచింగ్‌లో పగడం తన కండలోని జూక్సాంథెల్లే అనే సూక్ష్మ నాచు కణాలను కోల్పోతుంది కానీ కండ పోదు. దగ్గరగా చూస్తే గాజులాంటి పారదర్శకమైన కండ, లోపలికి ముడుచుకున్న, పగడాన్ని కట్టే చిన్న జీవులైన పాలిప్‌లు కనిపిస్తాయి. రంగు నుంచి తెలుపుకు మార్పు సాధారణంగా క్రమంగా ఉంటుంది. కండ లేకుండా అస్థిపంజరపు గుంటలు పదునుగా, శుభ్రంగా కనిపిస్తే అది ఈమధ్య జరిగిన మరణం. ఆ తెలుపు కొన్ని రోజులకే పచ్చగా, గోధుమగా మారి నాచు పట్టడం మొదలవుతుంది. గుంటల ఆకారమే అరిగిపోయి నాచు నిండా ఉంటే పాత మరణం. బతికినది, ఈమధ్య చచ్చినది, ఎప్పుడో చచ్చినది అని ఒక్కో పగడానికి మూడు శాతాలు రాస్తే దెబ్బ ఎప్పుడు తగిలిందో తెలుస్తుంది.

ముళ్ళకిరీటపు నక్షత్రచేప తిన్న చోట పెద్ద శుభ్రమైన తెల్లమచ్చ ఉంటుంది, దగ్గరలోని పగుళ్ళలో వెతికితే తరచుగా అదే దొరుకుతుంది. దాని ముళ్ళు విషపూరితం కాబట్టి చేతితో తాకకూడదు. డ్రుపెల్లా నత్తలు కొమ్మల మొదళ్ళ నుంచి పైకి తింటూ వస్తాయి, సరిహద్దు వంకరటింకరగా ఉంటుంది, కొమ్మల మధ్య గుంపుగా దాక్కుని ఉంటాయి. చిలుకచేప కొరికితే కండతో పాటు అస్థిపంజరం కూడా గీరుకుపోతుంది. నల్లపట్టీ తెగులులో బతికిన కండకూ తెల్లని అస్థిపంజరానికీ మధ్య సన్నని నల్లని పట్టీ ఉంటుంది. అది రోజుకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి సుమారు ఒక సెంటీమీటరు వరకు జరుగుతుంది. కాబట్టి సరిహద్దు దగ్గర గుర్తు పెట్టి కొద్ది రోజుల తరువాత మళ్ళీ ఫొటో తీస్తే సందేహం తీరిపోతుంది. పట్టీ ఏదీ లేకుండా సూటి గీతలా తెలుపు ముందుకు పోతుంటే తెల్ల తెగుళ్ళ వర్గంలో రాయాలి. ఏ క్రిమి వల్లనో కంటితో తేల్చలేము కనుక, పేరు పెట్టే తొందర కంటే ఆకారాన్ని వర్ణించడం నిజాయితీగా ఉంటుంది. తెగులు కనిపించిన దిబ్బ నుంచి ఆరోగ్యంగా ఉన్న దిబ్బకు అదే రోజు వెళ్ళకూడదు. తప్పనిసరైతే సామానును క్రిమిరహితం చేయాలి. 2014లో ఫ్లోరిడాలో మొదటిసారి కనిపించి కరీబియన్ అంతటా పాకిన రాతి పగడపు కండ నష్ట తెగులు తరువాత ఈ జాగ్రత్త చాలా చోట్ల నియమంగా మారింది.

తీరపు దిబ్బలకే ప్రత్యేకమైన గుర్తులు మరికొన్ని ఉన్నాయి. వరద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది కాబట్టి దాని దెబ్బ పై ఒకటి రెండు మీటర్లలో ఎక్కువగా ఉంటుంది, ఒక లోతు దాటగానే దాదాపు గీత గీసినట్టు ఆగిపోతుంది. వేడి వల్ల వచ్చిన బ్లీచింగ్‌కు అలాంటి పదునైన అడ్డగీత ఉండదు. మడ్డి వల్ల చచ్చిన మచ్చలు పగడం మీది పల్లపు చోట్ల, గిన్నెలాంటి ఆకారాల అడుగున ఉంటాయి, నిలువు పక్కలు మాత్రం బాగానే ఉంటాయి. పోరైటిస్ బండ మీద జిగురు పొర దుమ్ము పట్టి వేలాడుతుంటే తెగులని కంగారు పడనక్కరలేదు. ఆ పొరను వదిలించుకోవడం ద్వారా అది తన మీది మడ్డిని దులుపుకుంటుంది. గుండ్రని పగడపు నెత్తి చదునుగా చచ్చి, చుట్టూ అంచు బతికి ఉంటే అది ఆటు సమయంలో గాలికి బయటపడటం వల్ల వచ్చిన మామూలు ఆకారం.

రంగును అంకెలోకి మార్చడానికి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం రూపొందించిన కోరల్‌వాచ్ కార్డు చవకైన మార్గం. కార్డు మీద నాలుగు రంగుల వరుసలు, ఒక్కో వరుసలో 1 నుంచి 6 వరకు ఛాయలు ఉంటాయి. పగడం పక్కనే, దాన్ని తాకకుండా కార్డు పట్టి, అత్యంత లేత భాగానికీ అత్యంత ముదురు భాగానికీ అంకెలు రాయాలి. సహజంగానే తెల్లగా ఉండే పెరిగే కొసలను వదిలేయాలి. ఒక్కో సర్వేలో కనీసం 20 పగడాలు చూడాలి. ఒక్కసారి వచ్చిన సగటుతో ఏమీ తేలదు, ఎందుకంటే తక్కువ వెలుతురులో బతికే తీరపు పగడాలు తేటనీటి పగడాల కంటే సహజంగానే ముదురుగా ఉండవచ్చు. చల్లని కాలంలో తీసిన అంకెలతో పోల్చినప్పుడు, సగటు రెండు ఛాయలు పడిపోతే అది గట్టి సంకేతం.

ఎనిమిదో మెట్టు: నీటిని కొలవడం

పగడంలో మార్పు కనిపించాక నీటిని కొలవడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ప్రతి చోటా ప్రతి లోతులోనూ గంటకోసారైనా నమోదు చేసే చిన్న ఉష్ణోగ్రత లాగర్ ఉండాలి; ఎండ నేరుగా తగిలి తప్పుడు అంకె ఇవ్వకుండా దాన్ని నీడపట్టున కట్టాలి. కలకను కొలిచే సెన్సర్ల అద్దం మీద నాచు, బార్నకిల్స్ పేరుకుంటాయి కాబట్టి, అంకెలు నెమ్మదిగా పెరుగుతూ పోతుంటే నీరు కలకబారిందనుకునే ముందు అద్దాన్ని తుడిచి చూడాలి.

సెన్సరు లేని బృందానికి సెక్కి డిస్క్ ఉంది. గుర్తులున్న తాడు చివర కట్టిన తెల్లని పళ్ళేన్ని పడవ నీడ వైపు దించి, మాయమైన లోతునూ, తిరిగి పైకి లాగేటప్పుడు కనిపించిన లోతునూ సగటు చేయాలి. పళ్ళెం అడుగును తాకినా ఇంకా కనిపిస్తుంటే ఆ లోతును సెక్కి లోతుగా రాయకూడదు, అంతకంటే ఎక్కువ అని రాయాలి. ఉప్పదనాన్ని చేతి రిఫ్రాక్టోమీటరుతో పైపొరలోనూ, పగడం దగ్గరా విడివిడిగా కొలిస్తే వరదనీటి పొర మందం తెలుస్తుంది.

తొమ్మిదో మెట్టు: చేపలు, మిగతా ప్రాణులు

మీ నీటిలో ఐదు మీటర్ల చూపు లేకపోతే చేపల సంఖ్యను పోలికకు వాడకండి. కనిపించని చేపలను లేని చేపలుగా లెక్కించడం అవుతుంది. ఏ రకాలు ఉన్నాయో రాసుకుంటే చాలు. సీ అర్చిన్‌లు, నక్షత్రచేపలు, డ్రుపెల్లా గుంపులు, చిక్కుకున్న వలలు, లంగరు విరిచిన పగడాలను మాత్రం ట్రాన్సెక్ట్‌కు ఇరువైపులా నిర్ణీత వెడల్పులో తప్పకుండా లెక్కించాలి.

పదో మెట్టు: చూసేవారి మధ్య తేడా, ఫొటోల లెక్క

ఇద్దరు ఒకే గీతను విడివిడిగా కొలిచి పోల్చుకోవడంతోనే ప్రతి సర్వే కాలం మొదలుకావాలి. పగడం శాతంలో సాధారణంగా ఇద్దరూ దగ్గరగానే ఉంటారు, తేడా పిల్ల పగడాల దగ్గరా, పొట్టి నాచు దగ్గరా బయటపడుతుంది. ఆ తేడా ఎంతో నివేదికలో రాయాలి. స్లేటు మీది రాతను అదే రోజు కంప్యూటర్‌లోకి ఎక్కించి, స్లేటును తుడిచే ముందు దాని ఫొటో తీయాలి. పెన్సిలుకు దారం కట్టడం మరచిపోవద్దని కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా డైవ్‌లు దాని వల్లే సగంలో ముగుస్తాయి.

ఫొటోల మీద యాదృచ్ఛికంగా బిందువులు వేసి వర్గాలు ఇవ్వడానికి సీపీసీఈ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలాకాలంగా వాడుకలో ఉంది. కోరల్‌నెట్ అనే వెబ్ వేదిక మనం గుర్తించిన ఫొటోల నుంచి నేర్చుకుని మిగతావాటికి తానే వర్గాలు సూచిస్తుంది. తేటనీటి ఫొటోలతో అది ఎంతో సమయం మిగిలిస్తుంది. కలకనీటి ఫొటోలలో మడ్డి పట్టిన నాచునూ, గోధుమరంగు పగడాన్నీ అది కలిపేసే ప్రమాదం ఎక్కువ కాబట్టి, మనిషి సరిచూసిన ఫొటోలతో పోల్చి ఎన్ని సరిపోయాయో తేలాకే దానికి పని అప్పగించాలి.

పదకొండో మెట్టు: అంకెలను కలిపి చదవడం

గ్రేట్ బ్యారియర్ రీఫ్ తీరపు దిబ్బలకు అక్కడి శాస్త్రవేత్తలు ఐదు సూచికలు కలిపి మార్కులు ఇస్తారు. పగడం విస్తీర్ణం, పెద్ద నాచుల నిష్పత్తి, పిల్ల పగడాల సాంద్రత, పగడం పెరిగే వేగం, పగడపు జాతుల కూర్పు. వారి హద్దులను మరో సముద్రానికి అలాగే తెచ్చుకోకూడదు కానీ, ఐదింటినీ కలిపి చూసే అలవాటును తెచ్చుకోవచ్చు.

పగడం తక్కువగా ఉన్నా, పిల్లలు ఎక్కువగా, నాచు తక్కువగా ఉంటే ఆ దిబ్బ ఏదో దెబ్బ నుంచి కోలుకుంటున్నదని చెప్పవచ్చు. పగడం ఎక్కువగా ఉండి పిల్లలు లేకపోతే, తరువాతి తుపాను దాకానే ఆ అంకె నిలుస్తుంది. పగడం మారకుండా ఉండి, అక్రోపోరా వంటి వేగంగా పెరిగే కొమ్మల పగడాలు పోయి, వాటి చోట మడ్డిని తట్టుకునే గోనియోపోరా, టర్బినేరియా పగడాలు వచ్చి ఉంటే నీరు మారిందన్న అనుమానం న్యాయమైనది. కలక, ఉప్పదనం లెక్కలు అప్పుడు పనికి వస్తాయి. కారణం గురించి నివేదికలో రాసేటప్పుడు, చూసినదాన్నీ ఊహించినదాన్నీ వేరు వేరు పేరాలలో పెట్టాలి. దగ్గరలో ఫ్యాక్టరీ గొట్టం ఉన్నంత మాత్రాన నేరం దానిదే అని తేల్చడానికి దూరాన్ని బట్టి తగ్గే ప్రభావమైనా, ముందూ వెనుకల కొలతలైనా కావాలి.

నివేదికతో పాటు ముడి ఫొటోలు, మేకుల జీపీఎస్ స్థానాలు, దిక్సూచి దిశలు, ఆ ఏడాది వాడిన వర్గాల నిర్వచనాలు, ఎవరు ఏ ట్రాన్సెక్ట్ కొలిచారన్న పట్టిక కనీసం రెండు వేరు వేరు చోట్ల భద్రపరచాలి. ఒక వర్గం నిర్వచనం మార్చాల్సి వస్తే పాత ఏడాది ఫొటోలలో కొన్నింటిని కొత్త నిర్వచనంతో తిరిగి లెక్కించి, మార్పు వల్ల ఎంత తేడా వచ్చిందో అక్కడే నమోదు చేయాలి. మామూలు ఏడాదిలో ఒక సర్వే సరిపోతుంది. పెద్ద వరద వచ్చిన ఏడాది నీరు తేరుకోగానే ఒకసారి, ఆపైన మామూలు నెలలో మరొకసారి దిగాలి.